జాడ తొక్కని రాజులు

పొద్దు పొడిచేసరికి తుహినపురం కోట ఉత్తర ద్వారం ముందు ముగ్గురు రాజకుమారులూ, ఒక మూటలవాడూ నిలబడి ఉన్నారు. ఆ మూటలవాడి మీసం మేకవెంట్రుకలతో చేసింది. రాజకుమారులు ఆ సంగతి కనిపెట్టలేదు. కనిపెట్టే తీరిక వాళ్ళకేదీ? ద్వారం ముందుగా ఎవరు దాటాలన్నది తేలక, అప్పటికే గొంతులు బొంగురుపోయేలా వాదించుకుంటున్నారు.

"భేరుండదేశపు యువరాజును నేను! నాకంటే ముందు గడప దాటే మగవాడు ఈ భూమ్మీద పుట్టలేదు!" అని గర్జించాడు ప్రచండబాహుడు. మనిషి ఏనుగంత ఉంటాడు. పాపం, బ్రహ్మదేవుడు ఆ శరీరం చెయ్యడంలో అలసిపోయి, తలలో ఏదో పెట్టాలన్న మాట మరిచిపోయినట్టున్నాడు.

"మిత్రమా, ఆవేశపడకు. మకరందపుర వంశం మీ వంశం కంటే ఎంతో పాతది. అందుచేత ముందు నడిచేది నేనే" అన్నాడు విలాసధరుడు, అద్దంలో ముంగురులు సవరించుకుంటూ. అవును, అద్దంలోనే. మంచుమైదానం దాటడానికి బయల్దేరిన ఆ వీరుడు నడుముకు అద్దం వేలాడదీసుకుని వచ్చాడు.

మూడోవాడు శాంతిపురి యువరాజు సౌమ్యదత్తుడు. అతను ఉలకలేదు, పలకలేదు. మిగతా ఇద్దరూ అతని వైపు చూడనూ లేదు. ముగ్గురూ ఒకే గురువు దగ్గర విద్య నేర్చిన ప్రాణస్నేహితులట! ఒకరికోసం ఒకరు ప్రాణమిస్తారట! ప్రాణం సంగతి దేవుడెరుగు, గడప దగ్గర అడుగు కూడా ఇచ్చేలా లేరు. చివరికి ద్వారపాలకులే విసిగిపోయి రెండో తలుపు కూడా బార్లా తెరిచారు. ముగ్గురూ భుజాలు రాసుకుంటూ ఒక్కసారే దాటారు.

"ఈ మహానుభావులా మా నాన్నను బతికించేది!" అని మేకమీసం వెనక పళ్ళు నూరుకుంది మూటలవాడు. నూరుకున్నాడు కాదు, నూరుకుంది. గొర్రెచర్మపు టోపీ కనుబొమల దాకా లాక్కుని, వీపున మూట వేసుకుని, కోనడని పేరు చెప్పుకుని నిలబడిన ఆ కూలివాడు తుహినపుర రాకుమారి హేమంతిని.

ఆమె తండ్రి కీర్తిధర మహారాజు అంతఃపురంలో మంచుబొమ్మలా పడి ఉన్నాడు. ధూమ్రకేశుడనే మాంత్రికుడు సన్యాసి వేషంలో సభకొచ్చి, దీవించే నెపంతో ఆయన పాదాల మీద ఊపిరి ఊదాడు. అంతే! పాదాలు గడ్డకట్టాయి. గడ్డ మోకాళ్ళకెక్కింది, నడుముకెక్కింది, నిన్న రాత్రికి రొమ్ము దాకా వచ్చింది. రేపు పొద్దు పొడిచేలోగా గుండెకు చేరుతుందన్నారు రాజవైద్యులు. దాన్ని కరిగించగలిగేది అగ్నిశిల ఒక్కటే. అది మంచుమైదానం అవతల, ఆమె పూర్వులు కట్టిన శిఖాదుర్గంలో ఉంది.

మంత్రిగారు వెంటనే చాటింపు వేయించారు. అగ్నిశిల తెచ్చిన వీరుడికి రాకుమారినిచ్చి పెళ్ళి చేస్తారట! రాకుమారిని మాటమాత్రమైనా అడగాలని ఆ పెద్దమనిషికి తోచలేదు. దుర్గం తలుపు ఆ వంశంవాళ్ళ అరచెయ్యి తగిలితే తప్ప తెరుచుకోదన్న రహస్యం తండ్రీకూతుళ్ళకు తప్ప మరెవరికీ తెలియదని ఆమె నమ్మకం. బయటికి చెబితే ఎవడి చెవిన పడుతుందో అని హేమంతిని నోరు విప్పలేదు. దారిలో తెల్లతోడేళ్ళు తిరుగుతాయి, మూడు కత్తులు తోడుంటే మంచిదే కదా అనుకుని, మేకను పట్టుకుని మీసం కత్తిరించుకుంది.

కోట దాటితే మంచుమైదానం! కనుచూపు మేరా గడ్డకట్టిన పాలసముద్రం! లేత ఎండ సోకి ఆ ధవళప్రాంగణం మీద కెంపులూ, నీలాలూ, పుష్యరాగాలూ ఎవరో దోసిళ్ళతో వెదజల్లినట్టు తళతళలాడుతున్నాయి. దిగంతాన వెండికోటల వరసలా నిలిచిన శిఖరాల మీద మేఘాలు తెల్లని పతాకాలై రెపరెపలాడుతున్నాయి. దేవదారు కొమ్మల నుంచి మంచుపొడి ముత్యాల జల్లులా రాలుతోంది. ఆ శోభకు పరవశించి విలాసధరుడు చెయ్యెత్తి పద్యం అందుకున్నాడు. రెండో పాదానికే దవడలు బిగుసుకుపోయి ఆగిపోయాడు. హేమంతిని మంచుకు మనసులోనే దండం పెట్టుకుంది.

ఆ దేశంలో జనం మంచు మీద నడవరు, జారతారు. మనిషి కంటే పొడవైన సన్నటి దేవదారు చెక్కలు రెండు, ముందు కొసలు పైకి వంచినవి, కాళ్ళకు తోలుపట్టీలతో బిగిస్తారు. చేతుల్లో ఊతకర్రలు ఉంటాయి. చెక్కల అడుగున అంటించిన దుప్పితోలు వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి గనక, చెక్క ముందుకు జారుతుందే గాని ఎగుడులో వెనక్కి జారదు. బయల్దేరేముందు హేమంతిని ముగ్గురి కాళ్ళకూ చెక్కలు కట్టి, గొంతు బొంగురు చేసుకుని చెప్పింది.

"దొరలూ, ఒకరెనక ఒకరు రావాల. ముందున్నాయన మంచు తొక్కి గాడి చేస్తాడు, ఎనకోళ్ళకి ఆ గాడిలో సులువు. ముందాయన అలిసిపోతే పక్కకు తప్పుకుని ఎనక్కి పోతాడు, రెండో ఆయన ముందుకొస్తాడు. రాజైనా గొర్రెల కాపరైనా మా కాడ ఇదే పద్ధతి."

ప్రచండబాహుడి కళ్ళు ఎర్రబడ్డాయి. "ఏం కూశావురా? ఇంకొకడి జాడలో నేను కాలు పెట్టాలా?"

"తప్పేముంది దొరా?"

"తప్పా! ఓరి మూఢుడా!" అని విలాసధరుడు అందుకున్నాడు. "మా దక్షిణదేశాల్లో ఓడిపోయిన రాజు, గెలిచిన రాజు పాదముద్రలో తన పాదం పెట్టి సామంతుడవుతాడు. రాజు కడుపున పుట్టినవాడు ప్రాణం పోయినా సరే, ఇంకొకడి జాడ తొక్కడు. మాకు నడక నేర్పేటప్పుడే దాదులు ఈ పాఠం నేర్పుతారు."

"ఇక్కడ మిమ్మల్ని చూసేదెవరు దొరా, కాకులా?"

"ఛీ, నోర్ముయ్! నీకు వంశమర్యాద ఏం తెలుసు?"

వంశమర్యాద మాహాత్మ్యం ఎంతటిదో హేమంతినికి కాసేపట్లోనే తెలిసింది. ఒక్క గాడితో అందరూ హాయిగా జారిపోవలసిన చోట, ప్రచండబాహుడొక గాడీ, విలాసధరుడొక గాడీ పక్కపక్కనే దున్నుకుంటూ బయల్దేరారు. మోకాలిలోతు మంచు! అడుగు తీసి అడుగు వెయ్యాలంటే నడుములు విరుగుతున్నాయి. ఎముకలు కొరికే చలిలో ఆ ఇద్దరికీ చెమటలు ధారగా కారుతున్నాయి. ఒకడు అరచెక్క ముందుకు పోతే రెండోవాడు రొప్పుతూ ముప్పావు చెక్క ముందుకు దూకుతాడు. మూటలవాడికి ఏ పట్టింపూ లేదు కాబట్టి ఆమె ప్రచండబాహుడి గాడిలో చెక్కలు పెట్టి, మూటతో సహా సుఖంగా జారుతూ పోయింది. ఏనుగు చేసిన దారి కదా, రాజవీధంత వెడల్పుగా ఉంది.

కొంతదూరం పోయాక వెనక సవ్వడి వినిపించి తిరిగి చూసింది. సౌమ్యదత్తుడు! కాలిపట్టీ సవరించుకునే మిషతో వెనకబడి, ఆమె వెనకాలే అదే గాడిలో జారుతూ వస్తున్నాడు. ఆమె చూడగానే పెదవి మీద వేలు పెట్టి చిన్నగా నవ్వాడు.

"హమ్మయ్య! ముగ్గురిలో ఒక్కడికైనా బుర్ర ఉంది" అనుకుంది హేమంతిని. మిగతా ఇద్దరి మీదా ఉన్న చిరాకంతా ఆ ఒక్కడి మీద మెప్పుగా మారింది.

మొదటి గుట్ట ఎక్కి దిగేటప్పుడు విలాసధరుడి విద్య బయటపడింది. దిగుడులో మోకాళ్ళు వంచాలని ఆమె అరిచి చెప్పినా, మోకాళ్ళు వంచడం సేవకుల లక్షణమని అతను ధ్వజస్తంభంలా నిలబడే జారాడు. సగం దూరం మహావైభవంగా వెళ్ళాడు. ఆ తరవాత చెక్కలొక దిక్కు పోయాయి, మనిషొక దిక్కు పోయాడు, ముంగురులు మంచులో దిగబడ్డాయి. అతన్ని లాగి నిలబెట్టేసరికి అద్దం రెండు ముక్కలైంది. ఇప్పుడు ఇద్దరు విలాసధరులు కనిపిస్తున్నారని ఆ మనిషి సంతోషించాడే తప్ప నొచ్చుకోలేదు.

"మిత్రమా, పడిపోయావేం?" అని పగలబడి నవ్వాడు ప్రచండబాహుడు. ఆ నవ్వు నోట్లో ఉండగానే ఆయన కూడా బోర్లాపడ్డాడు. ఆ బరువుకు పక్కనున్న చెట్టు మీది మంచంతా జలజలా రాలి ఇద్దరినీ కప్పేసింది.

వాళ్ళను తవ్వి తీయడంతోనే పొద్దు నడినెత్తికొచ్చింది. హేమంతినికి కడుపు రగిలిపోయింది. అక్కడ తండ్రి రొమ్ము మీద మంచు పెరుగుతోంది, ఇక్కడ ఈ పెళ్ళికొడుకులు మంచులో దొర్లి ఆడుకుంటున్నారు!

అప్పుడే దేవదారు తోపులోంచి ఊళ వినిపించింది. మంచు మీద మంచే కదిలినట్టు తెల్లతోడేళ్ళు అన్ని వైపుల నుంచీ వచ్చి చుట్టుముట్టాయి. పచ్చటి కళ్ళు మెరుస్తున్నాయి. నాలుకలు వేలాడుతున్నాయి.

"భయపడకండి! నా చంద్రహాసం చూస్తే ఇవి చెదిరిపోతాయి!" అని ప్రచండబాహుడు ముందుకురికి కత్తి దూయబోయాడు. కత్తి రాలేదు. రెండు చేతులతో లాగాడు. రాలేదు. ఒరను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పళ్ళు బిగపట్టి లాగాడు. ఊహూఁ!

సంగతేమిటంటే, ప్రయాణానికి ముందు ఖడ్గానికి పాలతోనూ, పన్నీటితోనూ అభిషేకం చేయించి, తడి ఆరకముందే ఒరలో పెట్టడం భేరుండదేశపు ఆచారం. తడి ఆరితే శుభం ఆరిపోతుందని వాళ్ళ నమ్మకం. ఆ దేశంలో ఎండలు మండిపోతాయి కాబట్టి ఇన్ని తరాలుగా ఏ ఇబ్బందీ రాలేదు. ఇక్కడ పాలూ పన్నీరూ ఒరలో గడ్డకట్టి కత్తిని కౌగిలించుకున్నాయి.

విలాసధరుడి కత్తి మాత్రం సునాయాసంగా వచ్చింది. దాన్ని పట్టుకోవడానికి వేళ్ళు రాలేదు. వేలికొకటి చొప్పున పెట్టుకున్న ఉంగరాల చలికి వేళ్ళన్నీ కొయ్యబారిపోయి, కత్తి దబ్బున కాళ్ళ దగ్గర పడింది.

"మూడు కత్తులని మురిశానే, నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అనుకుంటూ హేమంతిని మూటలోంచి దివిటీ బయటికి లాగి చెకుముకి కొట్టబోయింది. ఈలోగా సౌమ్యదత్తుడు నిదానంగా ముందుకు జారాడు. కత్తి దూయలేదు, కేక వెయ్యలేదు. ఊరికే నిలబడి ఆ తోడేళ్ళ వైపు చూశాడు. అన్నిటికంటే పెద్ద తోడేలు చెవులు దించింది, తోక కాళ్ళ మధ్య ముడుచుకుంది, కుంయ్‌మంటూ వెనక్కి తిరిగి పరుగెత్తింది. దాని వెనకే గుంపంతా మాయమైంది.

"చూశావా! నా కేకకు హడలిపోయాయి!" అన్నాడు ప్రచండబాహుడు, ఇంకా ఒరను లాగుతూనే.

హేమంతిని ఆయన మాట వినిపించుకోలేదు. సౌమ్యదత్తుడి వైపే చూస్తూ ఉండిపోయింది. ధైర్యమంటే అలా ఉండాలి, అనుకుంది. మంత్రిగారి చాటింపు కూడా ఆ క్షణాన మరీ అంత అన్యాయంగా తోచలేదు.

"కోనడూ, పొద్దు వాలుతోంది. దారి చూపించు" అన్నాడతను మెత్తగా.

శిఖాదుర్గం కనుచూపు మేరలోకి వచ్చేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. దుర్గానికీ వాళ్ళకూ నడుమ ఒక పెద్ద మంచుపగులు అడ్డంగా నోరు తెరుచుకుని ఉంది. లోపల నీలంరంగు చీకటి. దాని మీద ఒక్కచోట మాత్రం గాలి పేర్చిన మంచు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వంతెనలా నిలిచింది. హేమంతిని ఊతకర్రతో పొడిచి చూస్తూ, గట్టిగా ఉన్న వరస వెతుక్కుంటూ అంగుళం అంగుళం ముందుకు జరిగి అవతలికి చేరింది. అక్కడి నుంచి గొంతెత్తి అరిచింది.

"దొరలూ! ఈ ఒక్కసారి నా మాటినండి! నేనొచ్చిన గాడిలోనే రండి. జానెడు పక్కకు పోయినా కింద పాతాళమే!"

"రాజుల జాడే తొక్కనివాళ్ళం, కూలివాడి జాడ తొక్కుతామా!" అన్నాడు విలాసధరుడు.

"మా గాడి మేమే చేసుకుంటాం!" అన్నాడు ప్రచండబాహుడు.

చేసుకున్నారు. గాడికి ఆవైపున ఒకరు, ఈవైపున ఒకరు, ఛాతీలు పొంగించుకుని అవతలి గట్టు దగ్గర దాకా వచ్చారు. ఫెళఫెళమని శబ్దమైంది. వంతెన రెండు పక్కలా విరిగి, ఇద్దరు యువరాజులూ కేకలు పెడుతూ కిందికి పోయారు. అదృష్టం బాగుండి, గట్టు నుంచి కొంచెం లోతులో ఉన్న మంచుతిన్నె మీద ఒకరి మీద ఒకరు పడ్డారు. చెక్కలు మాత్రం తునకలయ్యాయి. హేమంతిని గాడి ఒక్కటే సన్నటి గోడలా మిగిలింది. సౌమ్యదత్తుడు ఆ గాడిలోనే, అడుగు తడబడకుండా, అవతలికి వచ్చేశాడు.

"కోనడూ! చేయందించరా!" అని లోపలి నుంచి ప్రచండబాహుడు అరిచాడు. "ముందు నేను! నా మీద పడ్డాడు వీడు!" అని విలాసధరుడు మూలిగాడు.

హేమంతిని గట్టున ఇనపమేకు దిగ్గొట్టి, తాడు కట్టి లోపలికి వదిలింది. కాసేపు ఆగి ఇద్దరినీ లాగవలసిందే. ఆమె మనసు కూడా ఒక్క క్షణం వెనక్కి లాగింది. సౌమ్యదత్తుడు పొద్దు వైపు చూసి, "బతికే ఉన్నారుగా, నెమ్మదిగా ఎక్కుతారు. పద" అన్నాడు.

"అదీ నిజమే" అనుకుందామె. వంగి లోపలికి చూసి, "దొరలూ, తాడు ఒక్కటే ఉంది. ఎవరు ముందు ఎక్కాలో తేల్చుకోవడానికి మీకు తెల్లారుతుంది. నేనీలోగా వచ్చేస్తా!" అని వెటకారంగా అరిచి, చెక్కలు తిప్పుకుని దుర్గం వైపు సాగిపోయింది.

నల్లరాతి కొండను తొలిచి కట్టిన శిఖాదుర్గం సంధ్యారుణకాంతిలో రక్తచందనం పూసుకున్నట్టు నిలిచి ఉంది. బురుజుల మీద రాతిసింహాలు మంచుజూలుతో నిద్రపోతున్నాయి. తలుపు మీద తీగలూ, పక్షులూ, జ్వాలలూ చెక్కిన పనితనం చూస్తే ఏ దేవశిల్పో ఉలి పట్టాడనిపిస్తుంది. తాళం లేదు, గొళ్ళెం లేదు. హేమంతిని చేతితొడుగు విప్పి, చలికి జివ్వుమంటున్న అరచెయ్యిని ఆ రాతి మీద ఆనించింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపల గూట్లో రేగుపండంత ఎర్రటి రాయి వెలుగుతోంది. ఆమె దాన్ని పిడికిట బిగించింది. వెచ్చదనం భుజం దాకా పాకింది. "నాన్నా, బతికావు!" అనుకుని వెనక్కి తిరిగింది.

"ఆ చెయ్యి ఎవరిదో ఇప్పుడు తేలింది, రాకుమారీ" అన్నాడు సౌమ్యదత్తుడు.

అతని జుట్టు పొగలా పైకి లేస్తోంది. ముఖం మైనంలా కరిగి కిందికి జారింది. ఆ వెనక గడ్డకట్టిన పెదవులూ, రెప్పలేని కళ్ళూ బయటపడ్డాయి. సన్యాసి వేషంలో తండ్రి పాదాల మీద ఊదిన ముఖమదే!

"ధూమ్రకేశా!"

"అబ్బో, ఎంత తొందరగా కనిపెట్టావు!" మాంత్రికుడు విరగబడి నవ్వాడు. "రాజు కడుపున పుట్టినవాడు ఇంకొకడి జాడ తొక్కడని నీ చెవినిల్లు కట్టుకుని చెప్పారే ఆ ఇద్దరూ! పొద్దుట్నుంచీ నీ వెనకాలే ఆ జాడ తొక్కుతూ వచ్చాను. రాజకుమారుణ్ణి కానని ఇంతకంటే ఎలా చెప్పాలి? నువ్వు వాళ్ళను చూసి నవ్వుకున్నావు, నన్ను చూసి మురిసిపోయావు. నీ అంత తెలివైనదాన్ని నేనెక్కడా చూడలేదు!"

హేమంతిని చెంపలు మండిపోయాయి. రోజంతా పక్కవాళ్ళకు పంచిపెట్టిన వెక్కిరింతంతా తిరిగొచ్చి ఆమె మొహాన పడింది.

"సౌమ్యదత్తుడేడీ?"

"సరిహద్దు సత్రంలో మంచుబొమ్మై నిలబడ్డాడు. అతని ప్రాణస్నేహితులు కూడా మార్పు గమనించలేదు, చూశావా? వాళ్ళకు అద్దాలూ అభిషేకాలూ చూసుకోవడంతోనే సరిపోయింది. నీ తండ్రి మీద ఊదింది కూడా ఇందుకే. ఆయన ప్రాణం మీదికి వస్తే తప్ప మీవాళ్ళు ఈ తలుపు తెరవరు. శిల ఇలా ఇయ్యి. మీ నాన్నను నేనే కరిగిస్తాను."

"చూపించిన ముఖమల్లా నమ్మడానికి నేను విలాసధరుడి అద్దాన్నా?"

మాంత్రికుడు చెయ్యి చాపి ముందుకొచ్చాడు. పారిపోదామంటే గుమ్మంలో అతనే ఉన్నాడు. పిడికిట్లో దాస్తే వేళ్ళు విరిచి తీసుకుంటాడు. అగ్నిశిల తమ వంశంవాళ్ళ చేతిని కాల్చదని తండ్రి చెప్పాడు గాని, చెయ్యి కాక ఇంకేదైనా కాలుస్తుందో లేదో చెప్పలేదు. హేమంతిని మరి ఆలోచించలేదు. గబుక్కున శిలను నోట్లో వేసుకుని మింగేసింది.

"ఓసి పాపిష్టిదానా!"

గొంతు దిగుతూనే కడుపులో కొలిమి రాజుకుంది. ఒళ్ళంతా ఎర్రటి వెలుగు! మేకమీసం చుర్రున మాడిపోయింది. ఆమె భుజం పట్టుకోబోయిన మాంత్రికుడి చెయ్యి చుయ్యిమని మణికట్టు దాకా కరిగిపోయింది. అతను అరుచుకుంటూ పక్కకు దూకగానే హేమంతిని గుమ్మం దాటి వాలులోకి జారింది.

జారాక తెలిసింది అసలు కష్టం! ఆమె ఒంటి వేడికి చెక్కల కింద మంచు కరిగి నీళ్ళవుతోంది. జారుతున్నంత సేపూ ఫరవాలేదు. ఒక్క క్షణం నిలబడితే నిలువునా దిగిపోతుంది. తుహినపురం దాకా, తండ్రి రొమ్ము మీద ఈ చెయ్యి వేసే దాకా ఇక ఆగడమన్నది లేదు!

"పోతేపోనీ, ఆగకుండానే పోతాను" అనుకుని కర్రలు పొడుస్తూ దూసుకుపోతోంది. ఎదుట, నడుములోతు మంచులో ఈదుకుంటూ, ఇద్దరు మనుషులు దుర్గం వైపే వస్తున్నారు. ప్రచండబాహుడు, విలాసధరుడు! ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. వెంట్రుకలకు మంచు వేలాడుతోంది. పెదవులు నల్లబడ్డాయి.

"కోనడూ! బతికున్నావట్రా! అమ్మయ్య!" అని గొంతు చించుకున్నాడు ప్రచండబాహుడు. "నిన్నూ, మా సౌమ్యదత్తుణ్ణీ ఆ పాడు కొండలో ఒంటరిగా వదిలేసి పోతామా? అందుకే వస్తున్నాం! నీ మీసమేదిరా?"

హేమంతిని గుండెలో కలుక్కుమంది. చెక్కలు లేవు, కత్తులు లేవు, కాళ్ళలో సత్తువ లేదు. వెనక్కి పోతే కోట ఉంది. అయినా ఈ వెర్రిమాలోకాలు మూటలవాడి కోసం ముందుకొచ్చారు! తాను మాత్రం వాళ్ళను గోతిలో వదిలి, వెటకారమాడి, మాంత్రికుణ్ణి వెంటబెట్టుకుని పోయింది. సిగ్గుతో ఆమెకు ప్రాణం చచ్చిపోయింది.

"దొరలూ, పారిపోండి! వాడు సౌమ్యదత్తుడు కాదు, ధూమ్రకేశుడు!" అని అరుస్తూ, ఆగే వీలు లేక వాళ్ళ చుట్టూ సుడి తిరిగింది. చెక్కల వెనకాల నీళ్ళు పాయలుగా పారాయి.

మంచుసుడిగాలి ఒకటి వాలంతా ఊడ్చుకుంటూ వచ్చి, వాళ్ళ ముందు మాంత్రికుడై నిలిచింది. కరిగిన చేతిని రొమ్ముకు అదుముకుని, అతను రెండో చెయ్యెత్తాడు. ఊపిరి ఊదాడు. ప్రచండబాహుడి పాదాలు పటపటమని గడ్డకట్టాయి. ఆ మహాకాయుడు కెవ్వుమన్నాడు. విలాసధరుడు స్నేహితుణ్ణి వదలకుండా, వణుకుతూనే అడ్డంగా నిలబడ్డాడు.

"నిన్ను తాకలేను రాకుమారీ, ఒప్పుకుంటాను!" అన్నాడు ధూమ్రకేశుడు. "వీళ్ళను తాకగలను. శిల కక్కెయ్. లేదా వెళ్ళిపో. దారి ఖాళీగానే ఉంది. పొద్దుటి నుంచీ వీళ్ళను చీదరించుకుంటూనే ఉన్నావుగా, వదిలేసి పోవడానికి నీకేం బాధ?"

దారి నిజంగానే ఖాళీగా ఉంది. ఆమె చేసిన గాడి సన్నటి గోడ మీదుగా ఆ గట్టుకు తిన్నగా పోతోంది. ఒక్కసారి దాని మీదుగా జారితే ఆమె వేడికి అది కరిగి కూలుతుంది. ఈ ఇద్దరికీ ఇక దారుండదు. ఆమె మాత్రం తెల్లవారేలోగా తండ్రి దగ్గరుంటుంది. పడమట ఎరుపు కూడా ఆరిపోతోంది.

"రాకుమారివా!" అని నోరు తెరిచాడు విలాసధరుడు. అంతలో తేరుకుని, "వెళ్ళు తల్లీ! మహారాజును బతికించుకో! మా సంగతి మేం చూసుకుంటాం!" అని కేకపెట్టాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

హేమంతిని కళ్ళలో నీళ్ళు తిరిగి, చెంపల మీద పడకముందే ఆవిరైపోయాయి.

"నాన్నా, కాస్త ఓర్చుకో. ఇంకో పని పడింది" అంది పైకే.

మోకాళ్ళు వంచి, ఊతకర్రలు రెండూ బలంగా పొడిచి, చెక్కలను గాడిలోంచి పక్కకు తిప్పి, ఆమె తిన్నగా ధూమ్రకేశుడి మీదికి జారింది.